గనిలోకి దిగిన మగ్గాలు

చౌడేశ్వరికి ఏటి నీళ్లు ముందు కళ్లకు కనిపించలేదు, అరికాళ్లకు తగిలాయి.

ఆ రోజు తెల్లవారినప్పటి నుంచీ ముసురు పట్టి ఉంది. ముత్యాలమడుగులో నేసేవాళ్ల వీధి కుందూ ఏటి పక్కన పల్లంలో ఉంటుంది. అన్నీ మట్టి మిద్దెలే. ప్రతి ఇంట్లో నేలలో గుంత తవ్వి మగ్గం నాటుకుని ఉంటారు. నేసే మనిషి గుంత అంచున కూర్చుని, కాళ్లు లోపలికి వదిలి, అడుగున ఉన్న చెక్కలు తొక్కుతూ నేయాలి. చౌడేశ్వరి అలాగే కూర్చుని నేస్తూ ఉంటే కాళ్ల కింద ఏదో చల్లగా తగిలింది. వంగి చూసింది. గుంత అడుగున మట్టి నల్లగా మెరుస్తోంది. చూస్తుండగానే ఆ మెరుపు కదిలింది. వీధిలో అప్పటికి పారే నీళ్లు లేవు. గడప పొడిగానే ఉంది. ఏరు మాత్రం నేల కిందుగా ముందే ఇంట్లోకి వచ్చేసింది.

"ఏమయ్యా, మగ్గంలోకి ఊట వస్తాండాది," అంది పక్క మగ్గం మీదున్న భర్త కేశవతో.

"వానకు చెమ్మ పట్టింటాది లే. నెయ్యి నువ్వు."

"చెమ్మ కాదు. నీ గుంతలో సూడు."

కేశవ వంగి చూశాడు. అడ్డపోగు నడిపే నాడె పక్కన పెట్టి లేచాడు.

సగం నేసిన చీరను కోసి తీయడానికి ఆమెకు చెయ్యి రాలేదు. నేసిన గుడ్డతో సహా పడుగు పోగులను దోనె కర్రకు చుట్టి, ఇద్దరూ కలిసి మిద్దె మీదికి చేర్చి పట్ట కప్పారు. ముసలాయన మద్దయ్య, కేశవ తండ్రి, నూలు కట్టలను తలగుడ్డలో మూట కట్టుకుని అప్పటికే బడి దారి పట్టాడు. ఎవరూ చెప్పకుండానే ఆయనకు తెలిసిపోయింది. మధ్యాహ్నానికి వీధిలో నడుము లోతు నీళ్లు. నేసేవాళ్లందరూ మెరక మీదున్న బడిలో చేరారు.

బడి అరుగు మీద కూర్చుని మద్దయ్య అన్నాడు: "నా చిన్నప్పుడు ఒకసారి వచ్చింది. మళ్లా నా జుట్టు నెరిసేదాక రాలేదు. ఇప్పుడేమో సుట్టం మాదిరి వచ్చి వచ్చి పోతాండాది."

అది నిజం. ఆ ఆరేళ్లలోనే వరద రావడం అది మూడోసారి. పోనీ నీళ్లకు కరువు లేదా అంటే, నడుమ రెండేళ్లు వానే లేదు. కుందూ రాళ్లు తేలి, బోర్లు ఎండి, కోయిలకుంట్ల నుంచి ట్యాంకరు వస్తే గానీ బిందె నిండలేదు. వస్తే అంతా ఒక్క రోజే రావడం, రాకపోతే ఏళ్లతరబడి రాకపోవడం. కాలానికి ఒక పద్ధతి ఉండేదన్న సంగతి చౌడేశ్వరి తరానికి గుర్తుంది గానీ, ఆమె కూతురి తరానికి అది కూడా లేదు.

చౌడేశ్వరిది ఎమ్మిగనూరు. నేసేవాళ్ల ఇంటి పిల్ల. పెళ్లయి వచ్చాక ముప్పై ఏళ్లు పైగా ఆ ఒక్క గుంతలోనే కాళ్లు పెట్టి నేసింది. కూతురు ప్రొద్దుటూరులో కాపురం చేసుకుంటోంది. ఊళ్లో ఆమెకు మాట తక్కువ మనిషన్న పేరు. కోపం వస్తే మాత్రం ఎవరినీ చూడదని కూడా అంటారు.

వరద తీసిన నాలుగైదు రోజులకు ఎండ విరగకాసింది. అందరూ ఇళ్లలో బురద ఎత్తిపోసుకుంటున్నారు. ఎదురింటి లక్ష్మక్క గంజి కుండ తెచ్చుకుంటానని లోపలికి వెళ్లింది. నానిన మట్టి గోడ ఎండకు గబగబా ఆరి, నిలువునా చీలి, కుప్పగా కూలింది. పెద్ద చప్పుడు కూడా కాలేదు. దుమ్ము లేచింది, అంతే. చౌడేశ్వరి, కేశవ, ఇంకో ఇద్దరు చేతులతోనే మట్టి తవ్వి లక్ష్మక్కను బయటికి తీశారు. నంద్యాల ఆసుపత్రిలో ఆమె కుడికాలు మోకాలి కింద తీసేశారు. నేసే మనిషికి చేతులెంతో కాళ్లూ అంతే.

ఆ తర్వాతే మెట్ట మీద ఇళ్ల స్థలాలు ఇస్తామని అధికారులు వచ్చారు. ఊరికి రెండు మైళ్ల దూరంలో, నాపరాళ్ల గనులున్న వైపు ఎత్తైన నేల. నేసేవాళ్లంతా బడిలో కూడారు. వీధికి పెద్దమనిషి ఉమామహేశ్వర. కేశవకు అన్న వరస. ఆయన ముందే తేల్చి చెప్పాడు.

"ఆ మెట్ట మీద ఏముండాది? బండ. గునపం దింపితే నిప్పులు లేస్తాయి. మగ్గం గుంత యాడ తవ్వుతారు మీరు? గుంత లేకుండా నేత ఉంటాదా?"

ఆయన చెప్పింది తప్పు కాదు. గుంతలో చెమ్మ ఉంటుంది. ఆ చెమ్మ నూలును మెత్తగా ఉంచుతుంది. గాలి పొడిబారితే పోగులు పుటుక్కు పుటుక్కున తెగిపోతాయి.

చౌడేశ్వరి లేచింది. "బావా, ఈడ గుంత ఉండాది గాని ఇల్లు లేదు. ఆడ ఇల్లు ఉంటాది గాని గుంత లేదు. గుంత సంగతి ఆడికి పోయి సూసుకుందాం. మిద్దె మీద పడితే సూసుకునేకి మనమే ఉండము."

"నేను రాను," అన్నాడు మద్దయ్య, మెల్లగా. కోడలి మాటకు ఆయన ఎదురు చెప్పడం అదే మొదలు.

"నువ్వు లేకుంటే నేనూ పోను మామా," అంది ఆమె. ముసలాయన కోడలి ముఖం వంక చూశాడు. చివరకు, "పోదాం లే," అన్నాడు.

మరుసటి సంవత్సరం సంక్రాంతి దాటాక కాలనీకి చేరారు. సిమెంటు ఇళ్లు, చదునైన స్లాబులు. గుంత మగ్గాలకు బదులు స్టాండు మగ్గాలు వచ్చాయి. నేల తవ్వకుండా చెక్క చట్రం మీద నిలబెట్టేవి. మొదట్లో బాగానే ఉంది. శివరాత్రి పోయి ఎండ ముదిరేసరికి పొద్దున తొమ్మిదికే పోగులు తెగడం మొదలైంది. తెగిన పోగు అతకడం, రెండు బెత్తెలు నేయడం, మళ్లీ తెగడం. తడి గోనెలు వేలాడదీశారు. నేల మీద నీళ్లు చల్లారు. ఆ నీళ్లు తాగడానికే కరువైన చోట ఎంతకాలం చల్లగలరు? వీరభద్ర అనే పక్కింటాయన పెళ్లాం పిల్లలతో నగరి వైపు పవర్‌లూముల్లో పనికి వెళ్లిపోయాడు. కేశవ రాళ్ల ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు. చౌడేశ్వరి మాత్రం పాత వీధిలో ఇంకా నిలబడి ఉన్న తమ మిద్దెకు రోజూ పోయి, పాత గుంతలో ఒక మగ్గం నేసి వచ్చేది.

మే మొదట్లో మద్దయ్య పోయాడు.

ఆ రోజు కరెంటు లేదు. స్లాబు కింద గది కుంపటిలా ఉంది. చౌడేశ్వరి పాత వీధి నుంచి వచ్చేసరికి ముసలాయన గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఒళ్లు కాలిపోతోంది, చెమట లేదు. "నడుమింట పండుకుంటా, సల్లగ ఉంటాది," అంటున్నాడు. పాత మిద్దెలోని నడిమి గదినే అంటున్నాడని ఆమెకు అర్థమైంది. తడిగుడ్డ చుట్టి, ఆటో పిలిచి, దారిలోకి ఎక్కేలోపే అయిపోయింది. మెట్ట మీద పూడ్చడానికి నేల తవ్వలేక, పాత ఊరి శ్మశానానికే మోసుకుపోయారు.

దినాలు పూర్తయ్యాక ఒకనాడు అన్నం తింటూ కేశవ అన్నాడు: "నాయన రానన్నాడు. నువ్వే తీసుకొచ్చినావు."

ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఎత్తకపోయినా అది ఇంట్లోనే ఉంది. ఇద్దరూ దాన్ని దాటుకుంటూ నడిచారు.

నీళ్ల నుంచి తప్పించుకుని పైకి వస్తే ఎండ పట్టుకుంది. ఇక ఏ వైపుకు పోవాలి? చౌడేశ్వరి ఆ రోజుల్లో ఇదే ఆలోచించేదట. దిగులు కంటే ఎక్కువగా కోపం వచ్చేదని ఆమే చెప్పింది. ఎవరి మీదో తెలియని కోపం. ఎక్కడో ఎవరో ఏదో కాలుస్తున్నారని, అందుకే కాలం ఇట్లా మారిందని టీవీలో చెబుతారు. వాళ్లు ఎవరో, యాడుంటారో. తిట్టడానికి కూడా మనిషి ఎదురుగా లేడు.

ఒక మధ్యాహ్నం పాత వీధి నుంచి తిరిగొస్తుంటే ఆమెకు కళ్లు తిరిగాయి. దారి పక్కన ఎప్పుడో తవ్వి వదిలేసిన నాపరాళ్ల గని ఉంది. మెట్లు మెట్లుగా కోసిన బండ. రాళ్ల పనివాళ్లు మధ్యాహ్నం సద్ది తినడానికి అందులోకి దిగుతారు. వాళ్లలో ఏసుబాబు అనే నడివయసు మనిషి ఆమెను చూసి పరుగున వచ్చి, చెయ్యి పట్టి నీడలో కూర్చోబెట్టాడు. నీళ్లిచ్చాడు.

"ఈ ఎండలో ఏడికి తిరుగుతాండావక్కా?"

ఆమె వీపు ఆనించిన బండ చల్లగా ఉంది. చేత్తో తడిమింది. పైనెక్కడో నుంచి ఊరే నీరు సన్నగా పొరలోంచి చెమర్చి, రాయి తడిగా ఉంది. మే నెలలో. ఒడిలో ఉన్న కండెలోంచి మూరెడు నూలు లాగి, వేళ్ల మధ్య నలిపి, కాసేపు ఆ గోడకు దగ్గరగా పట్టుకుంది. గట్టిగా లాగింది. తెగలేదు.

"ఏంటికక్కా, దారాన్ని బండకు సూపిస్తాండావు?"

"ఈ గని ఎవురిది అప్పా?"

"ఎవురిదీ కాదు. రాయి బాగా లేదని వదిలిపోయినారు."

సాయంత్రం కేశవను తీసుకొచ్చి చూపించింది. ఆయన బండ మీద అరచెయ్యి పెట్టి చూసి, "మగ్గం దించి సూద్దాం," అన్నాడు. మామ పోయాక వాళ్లిద్దరూ కలిసి చేసిన మొదటి పని అది. స్టాండు మగ్గాన్ని విప్పి, గని అడుగుకు మోసుకొచ్చి బిగించారు. పైన కొట్టంగా తాటాకులు కప్పారు. పోగులు నిలిచాయి. ఒక చీర పూర్తయింది. రెండోది సగంలో ఉండగా వేసవి గాలివాన వచ్చి ఒక్క గంటలో గని అడుగు చెరువైంది. మగ్గం తేలింది.

కాలనీలో గోడలు పగుళ్లిచ్చాయని చూడటానికి వచ్చిన ఇంజనీరు మధులత, నీళ్లలో చెక్కలు ఏరుకుంటున్న ఆ ఇద్దరినీ చూసి జీపు ఆపింది. కడప అమ్మాయి, ముప్పై దాటి ఉండవు. చౌడేశ్వరి చెప్పిందంతా నిలబడి విన్నది. బండ మెట్లన్నీ ఎక్కి దిగింది. మరో రోజు కొలతల సామాను తెచ్చి మట్టం చూసింది.

"అడుగున వద్దమ్మా. నీళ్లన్నీ చేరేది అక్కడికే. ఈ పై మెట్టు వెడల్పుగా ఉంది, వెనక తడిగోడ కూడా వస్తుంది. ముందు వైపు కాలువ కొడితే వాన నీళ్లు కిందికి పోతాయి. కింద నిలిచిన నీళ్లే మీకు చల్లదనం ఇస్తాయి. పైకప్పు మాత్రం రేకులు వెయ్యొద్దు."

"బండ పరిచి సౌడుమన్ను కప్పితే? మా పాత మిద్దెలు అట్లాంటివే."

"అదే మంచిది. దూలాలకు బదులు ఇనుప గర్డర్లు వేసుకోవాలి. ఎంత బరువు ఆపుతాయో నేను లెక్క కడతాను."

నీటి వాలు సంగతి చౌడేశ్వరికి తెలియదు. నూలుకు చెమ్మ కావాలన్నది మధులతకు తెలియదు. ఒకరిని ఒకరు అడుగుతూ, మధ్యాహ్నం వరకూ ఆ బండ మీదే తిరిగారు. అనుమతికి నెలలు పట్టాయి. ఎన్నిసార్లు తిరగాల్సి వచ్చిందో మధులత ఎప్పుడూ చెప్పలేదు.

అసలు చిక్కు పనిదగ్గర వచ్చింది. నేసేవాళ్లకు బండ కొట్టడం రాదు. కొట్టేవాళ్లు కావాలంటే ఏసుబాబు వాళ్లే దిక్కు. చౌడేశ్వరి వెళ్లి అడిగింది. ఏసుబాబు తనవాళ్లతో మాట్లాడి వచ్చి చెప్పాడు.

"మాకు కూలి వద్దక్కా. ఆదివారాలు గుడి నుంచి వచ్చినాక చేస్తాం, పని లేని పొద్దులు చేస్తాం. ఎండాకాలం మధ్యాన్నం మాత్రం మా ఆడోళ్లకు, పిల్లోళ్లకు ఆ నీడలో తావు కావల్ల. లారీ కింద కూర్చుంటాండారు వాళ్లు. పోయినేడు మాతో పనిచేసే మద్దిలేటి పెండ్లాం అట్లే పడిపోయి లేవలేదు."

కాలనీలో ఈ మాట చెప్పగానే ఉమామహేశ్వర ముఖం మారింది. "రాతి దుమ్ముతో వస్తారు. తెల్ల నూలు ఏం కావల్ల? మగ్గం మనకు అమ్మవారితో సమానం. యాడోళ్లో వచ్చి దాని పక్కన కాళ్లు సాపుకుంటారా?"

దుమ్ము సంగతి ఆయన పైకి అన్నది. అనకుండా ఉంచుకున్నది అందరికీ వినిపించింది. ఇద్దరు ముగ్గురు తలలు ఊపారు.

"మామ ఎట్ల పోయినాడో సూసినావు గదా బావా," అంది చౌడేశ్వరి. "ఆ పొద్దు సల్లటి తావు ఒకటి ఉండింటే, అది ఎవురిదని అడిగింటినా నేను?"

ఉమామహేశ్వర కండువా దులుపుకుని వెళ్లిపోయాడు. ఆయనతో పాటు సగం మంది వెళ్లారు. మిగిలిన కుటుంబాలు చాలు అనుకున్నారు.

చలికాలమంతా పని జరిగింది. నేసేవాళ్లు రాళ్లు మోశారు, మట్టి తొక్కారు. కేశవ ఫ్యాక్టరీ నుంచి వచ్చి ఏసుబాబు పక్కన సుత్తి పట్టుకునేవాడు. మొదట్లో అరచేతులు బొబ్బలెక్కి వారం రోజులు దాన్ని పట్టలేకపోయాడు. వెనక బండ గోడ, మూడు వైపులా నాపరాళ్ల గోడలు, పైన బండలు, వాటి మీద జానెడు మందాన వాన దిగని చౌడుమన్ను. బయటినుంచి చూస్తే ఏదో కట్టడమని కూడా తెలియదు, గుట్ట కాస్త ముందుకు జరిగినట్టు ఉంటుంది. లోపల వరసగా మగ్గాలు. చెక్క కాలు కట్టించుకున్న లక్ష్మక్క తలుపు దగ్గర చోటు చూసుకుని రాట్నం పెట్టుకుంది. అందరికీ కండెలు చుట్టేది, అందరినీ అజమాయిషీ చేసేది.

"కాలు ఒకటి పోయినా నోరు రెండయింది నీకు," అనేవాడు, ఫ్యాక్టరీ లేనప్పుడు మగ్గం మీద కూర్చునే కేశవ.

"రెండు కాళ్లుండి నువ్వు సేసేది ఏమి? నీ పోగు తెగింది, సూసుకో."

మొదటి వేసవి గడిచింది. పొద్దున పోగులు నిలిచేవి. మధ్యాహ్నం ఎంతటి గనిలోనైనా ఉక్క తప్పదు కాబట్టి మగ్గాలు ఆపేవాళ్లు. ఆ సమయానికి రాళ్ల పనివాళ్ల ఆడవాళ్లు, పిల్లలు వచ్చేవాళ్లు. కొన్నాళ్లు ఎవరి వైపు వాళ్లు కూర్చున్నారు. ఒక రోజు పిల్లలు ఆడుకుంటూ చౌడేశ్వరి మగ్గం మీద పడ్డారు. కొత్తగా ఎక్కించిన తెల్ల పడుగు నిండా ఎర్రమట్టి చేతుల అచ్చులు. పెళ్లివాళ్లకు చెప్పిన చీరలు అవి.

చౌడేశ్వరి నోటికొచ్చినట్టు అరిచింది. "పోండి మీరు ఈడ్నుంచి. నీడ ఇచ్చింది సాలు." తల్లులు పిల్లల్ని ఎత్తుకుని లేచిపోయారు.

మరుసటి రోజు ఎవరూ రాలేదు. ఆ మరునాడూ రాలేదు. లోపల చల్లగా ఉంది, చోటు ఖాళీగా ఉంది. లక్ష్మక్క రాట్నం తిప్పడం ఆపి, "నేను ఇల్లు కూలినప్పుడు కిందుండా. అప్పుడు నన్ను తవ్వింది నువ్వే గదా. నీకు ఇట్లాంటి మనసు ఎప్పుడొచ్చింది?" అంది.

చౌడేశ్వరి లేచి ఎండలోకి వెళ్లింది. గని పైన రోడ్డు మీద ఆగి ఉన్న లారీ కింద ఆడవాళ్లు ముడుచుకుని కూర్చుని ఉన్నారు. ఒకామె ఒడిలో పసిబిడ్డ, మూతి ఎండిపోయి ఉంది. చౌడేశ్వరి లారీ పక్కన నేల మీదే కూర్చుంది.

"నేను అనకూడని మాట అన్న్యా," అంది. "ఆ నీడ నేనిచ్చింది కాదు. మీ మగోళ్లు బండ కొట్టినారు, దాంట్లో సగం మీది. లేయండి, పోదాం."

వాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. పసిబిడ్డ తల్లి ముందు లేచింది. ఆ సాయంత్రం ఏసుబాబు రెండు వెదురు గడలు నాటి, మగ్గాలకూ మనుషులకూ నడుమ పాత దుప్పట్లతో తెర కట్టాడు. ఆ పని ముందే చేయవలసిందని అందరికీ అనిపించింది.

రెండో వేసవి చాలా ఘోరంగా వచ్చింది. రోహిణి కార్తెలో మూడు రోజులు గాలి కదలలేదు. పెద్ద లైను తెగి మండలమంతా కరెంటు పోయింది. కాలనీలో స్లాబు ఇళ్లలో ఉండలేక ఒక్కొక్కరూ గని దారి పట్టారు. అంతకుముందు రానన్నవాళ్లు కూడా. మూడో రోజు మధ్యాహ్నం ఉమామహేశ్వర భార్యను భుజం మీద ఆనించుకుని గడప దాకా వచ్చి ఆగిపోయాడు. ఆమె కళ్లు తేలేసి ఉంది. లోపల అప్పటికే జనం కిక్కిరిసి ఉన్నారు. మగ్గాలన్నీ పైకి ఎత్తికట్టి, నేలంతా మనుషులే.

రమ్మని ఎవరైనా అంటారని ఆయన చూస్తున్నాడు. అనకపోతే తిరిగిపోవడానికి కూడా సిద్ధంగానే ఉన్నట్టున్నాడు. ఏసుబాబు లేచి, తన చోటులో ఆమెను తడిగోడకు ఆనించి పడుకోబెట్టాడు. మద్దిలేటి కూతురు తన పమిట తడిపి ఆమె మెడ కింద పెట్టింది. ఉమామహేశ్వర ఆ పిల్ల చేతుల వంకే చూస్తూ నిలబడ్డాడు. గంటకు ఆమె నీళ్లడిగింది.

ఆయన నాలుగు రోజుల తర్వాత వచ్చి చౌడేశ్వరిని అడిగాడు. "నా మగ్గానికి తావు ఉంటాదామ్మా?"

"తూర్పు మూల ఉండాది బావా. వెలుతురు రవ్వంత తక్కువ."

"ఫర్వాలేదు లే," అన్నాడాయన.

అదంతా చూసి ఊరు మారిపోయిందని అనుకోకూడదు. గనిలో కలిసి కూర్చున్నవాళ్లు పెళ్లిళ్లకు, పేరంటాలకు మునుపటిలాగే ఎవరి దారిన వాళ్లు పోతారు. ఉమామహేశ్వర ఇంట్లో ఏసుబాబుకు ఇప్పటికీ కాఫీ విడిగా పెట్టిన గాజు గ్లాసులోనే వస్తుంది, ఇంటాయన మాత్రం స్టీలు గ్లాసులో తాగుతాడు. వీరభద్ర నగరి నుంచి తిరిగి రాలేదు. కాకపోతే మద్దిలేటి కూతురు మధ్యాహ్నాలు ఊరికే కూర్చోలేక లక్ష్మక్క దగ్గర కండెలు చుట్టడం పట్టుకుంది. ఇప్పుడు ఆ పిల్ల ఒక మగ్గం మీద నేస్తోంది. రాళ్ల పనివాళ్ల కులంలో నేత నేర్చిన మొదటి మనిషి ఆమే. దాని మీద కూడా ఊళ్లో రకరకాల మాటలున్నాయి.

ఆ రెండో వేసవి దాటిన అక్టోబరులో కుందూ మళ్లీ పొంగింది. మెట్ట మీద నిలబడి అందరూ చూశారు. నేసేవాళ్ల వీధి ఉన్నచోట ఎర్రటి నీళ్లు సుడులు తిరుగుతున్నాయి. నిలబడి ఉన్న చివరి మిద్దెలు ఒక్కొక్కటే కుంగిపోయాయి. చౌడేశ్వరి వాళ్ల మిద్దె కూడా పోయింది. కిందికి దిగి చూడటానికి ఎవరికీ మనసు రాలేదు. ఎవరూ ఏడవలేదు గానీ, గెలిచామని కూడా ఎవరికీ అనిపించలేదు.

కేశవ ఆమె పక్కనే ఉన్నాడు. నీళ్ల వైపు చూస్తూ అన్నాడు. "నాయన ఆడ్నే ఉండింటే, ఈ పొద్దు ఆ మిద్దె కింద ఉండేవాడు."

ఆమె తల ఊపింది. ఇద్దరూ కాలనీకి నడిచారు. ఇంటికి పోయాక ఆమె తలుపు మూసుకుని కాసేపు కూర్చుందట.

మధులతకు బదిలీ అయింది. పోయే ముందు చూడటానికి వస్తే చౌడేశ్వరి ఆమెను అడిగింది. "ఇది ఎన్నేండ్లు పని సేస్తాది మేడమ్?"

"నిజం చెప్పాలా అమ్మా?"

"చెప్పండి."

"ఎండలు ఇంకా పెరుగుతాయంటున్నారు. ఈ గోడలో ఊరే నీళ్లు ఎప్పటిదాకా ఉంటాయో నాకు తెలియదు. మీ కాలానికి సరిపోవచ్చు. ఆ తర్వాతి తరంవాళ్లు ఇంకేదో ఆలోచించుకోవాలి."

చౌడేశ్వరి వరసగా ఉన్న మగ్గాల వైపు చూసింది. "సరే. వాళ్లు ఆలోచన సేసేదాకా బతికుండల్ల గదా. అంతవరకు మన పని," అంది. మధులత నవ్వలేదు. ఆ చెమ్మ గోడ మీద చెయ్యి పెట్టి చూసి, జీపెక్కింది.

మొన్న వేసవికి ముందు, పెన్న ఒడ్డున ఉన్న ఇంకో నేసేవాళ్ల ఊరి నుంచి కొందరు ఆటోలో వచ్చారు. వాళ్ల వీధి కూడా రెండుసార్లు మునిగింది. ఎక్కడో విని, గనిలో మగ్గాలు చూద్దామని వచ్చారు. లోపల తిరిగి, గోడలు తడిమి, శానా బాగుండాదని అన్నారు. అందరిలోకీ పెద్దామె చౌడేశ్వరి చెయ్యి పట్టుకుని, "ఎట్ల సేసినారో మొత్తం చెప్పు తల్లీ," అంది.

చౌడేశ్వరి నాడె పక్కన పెట్టింది. లక్ష్మక్క అందరికీ చాపలు వేయించింది. మద్దిలేటి కూతురు మజ్జిగ పోసింది.

"బాగుండేది మీరే సూసినారు," అంది చౌడేశ్వరి. "నేను బాగలేనివి సూపిస్తా, రాండి. ఆ పడమటి కిటికీ సూడండి. వెలుతురని పెట్టుకున్న్యాం. సాయంత్రం వడగాలంతా దాంట్లోనే వస్తాది. మీరు మాత్రం ఆ పక్క పెట్టుకోవాకండి."

పెద్దామె లేచి కిటికీ దగ్గరికి పోయి, బయటికి చెయ్యి చాపి చూసింది. "మాకు పడమటి దిక్కు గుట్ట ఉండాదే," అంది అనుమానంగా. "గుట్ట ఉంటే గాలి ఆగుతాదా?"

"తెల్దు," అంది చౌడేశ్వరి. "గుట్ట ఎంతెత్తు ఉండాది మీకు?"